క్లిప్పులు తారుమారైనా నిప్పురవ్వ రాలేదు: పాత ట్రాక్టరుకి ఆటోమేటిక్ ఛార్జర్

ఈ ఛార్జర్‌లో నాకు బాగా నచ్చింది ఒక్కటే. క్లిప్పులు పెట్టగానే కరెంటు వదలదు. ముందు బ్యాటరీలో ఓల్టేజీ ఉందా, ప్లస్సు మైనస్సు సరిగ్గా ఉన్నాయా చూసుకుని, అప్పుడే ఛార్జింగ్ మొదలుపెడుతుంది.

కొత్త ట్రాక్టర్లున్న వాళ్లకి ఇది చిన్న విషయమే కావచ్చు. మాది నాన్న కొన్న మాసీ 1035. వైరింగ్ ఎందరి చేతుల్లో పడిందో గాని, ఇప్పుడు బ్యాటరీకి వచ్చే తీగలు రెండూ నల్లవే. బ్యాటరీ మీద గుర్తులు మట్టీ గ్రీజూ పట్టి కనపడవు. ప్లస్ టెర్మినల్ కొంచెం లావుగా ఉంటుంది, నిజమే. కానీ టార్చి వెలుగులో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

పోయిన వానాకాలం దమ్ము రోజుల్లో, తెల్లారితే మడిలోకి దిగాలి. సాయంత్రం నుంచి ఛార్జింగ్‌లో ఉంది. మధ్యలో కరెంటు పోయింది. వాన జల్లు పడుతోందని మా డ్రైవర్ క్లిప్పులు తీసి బండిని లోపలికి జరిపించాడు. కరెంటు వచ్చాక చీకట్లోనే మళ్లీ పెట్టాడు, తిరగేసి. అప్పటిదాకా ఛార్జ్ అయిన బ్యాటరీ కదా, ఛార్జింగ్‌లో పుట్టిన హైడ్రోజన్ వాయువు సెల్స్‌లో ఇంకా ఉంటుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. మా పాత డబ్బా ఛార్జర్‌కి ఇలా పెడితే క్లిప్పు దగ్గర చిటపటమని మెరుపులొచ్చేవి. ఇది ఎర్ర లైటు వెలిగించి బీప్ కొట్టింది, అంతే. అతని మొహం బ్యాటరీకి జానెడు దూరంలో ఉంది. యాసిడ్ చిమ్మి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అయితే ఈ జాగ్రత్తే ఒక్కోసారి ఇబ్బంది పెడుతుంది. ఛార్జర్ కొన్న కొత్తలో, ఇక బ్యాటరీ షాపుతో పని లేదని ఊళ్లో చాలామందికి చెప్పాను. ఈ వేసవిలో బండి కదలక బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. క్లిప్పులు పెడితే అసలు బ్యాటరీయే లేనట్టు ఊరుకుంది. ఓల్టేజీ మరీ పడిపోతే ఇది గుర్తుపట్టదు. చివరికి షాపులోనే చిన్న కరెంటు మీద కాసేపు పెట్టించి తెచ్చాక, మిగతాది ఇది నింపింది. ఇప్పుడు బండి ఖాళీగా ఉన్న రోజుల్లో మీటర్ పెట్టి చూస్తున్నాను. 12.4 ఓల్టుల కంటే తగ్గితే వెంటనే ఛార్జింగ్ పెట్టేస్తాను.

ఛార్జర్ ఎంత తెలివైనదైనా కొన్ని పనులు మనమే చేయాలి. టెర్మినల్ విప్పేటప్పుడు మైనస్ ముందు. ప్లస్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి షార్ట్ అవుతుంది. షెడ్డు తలుపులు తెరిచి ఉంచాలి. గోడ దగ్గర స్విచ్ ఆపాకే క్లిప్పు తీయాలి. డిస్టిల్డ్ వాటర్ ప్లేట్లు మునిగేంత ఉందో లేదో చూసి ఛార్జింగ్ పెట్టి, పై గీత దాకా నింపడం ఛార్జింగ్ అయ్యాకే. ముందే నింపితే యాసిడ్ పొంగుతుంది.

మాది 88 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీ. అందులో పదో వంతు 8.8, దానికి దగ్గరగా ఉన్న 8 ఆంపియర్ల ఛార్జర్ సరిపోతోంది. షెడ్డు ఇంటి పక్కనే, ప్లగ్గు చేతికందేంత దూరంలో ఉంది కాబట్టి నాకు కుదిరింది. రోజూ కిరాయికి తిరిగే బండైతే డైనమోయే నింపుతుంది, దీని అవసరం అంతగా రాకపోవచ్చు. నాలాగా నెలల తరబడి బండి ఆగి ఉండి, దాని మీద నలుగురు చేతులు వేసే ఇళ్లలో మాత్రం కొనమనే చెబుతాను.