ఫ్రిస్కోలో మా ఇంటి క్లోజింగ్ చేసిన టైటిల్ కంపెనీ, నా రివ్యూ

రేటింగ్ 4.5/5. టైటిల్ కంపెనీ అంటే ఇంటి ఓనర్‌షిప్ పేపర్లు చెక్ చేసి, సంతకాలు, డబ్బు చెల్లింపులు (అదే క్లోజింగ్) పూర్తి చేయించే ఆఫీసు. కంపెనీ పేరు రాయట్లేదు, పేరు రాస్తే మా రియల్టర్ ఎవరో ఇక్కడ మనవాళ్ళలో సగం మందికి తెలిసిపోతుంది, ఆయనతో గొడవ పెట్టుకోవడం నాకిష్టం లేదు. కానీ డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనేవాళ్ళకి ఇది పనికొస్తుందని రాస్తున్నా.

టెక్సస్‌లో టైటిల్ ఇన్సూరెన్స్ (ఓనర్‌షిప్ మీద తర్వాత గొడవ వస్తే కాపాడే బీమా) ప్రీమియం స్టేట్ ఫిక్స్ చేస్తుంది, టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్ పెట్టిన రేటే అన్ని కంపెనీల్లోనూ. ఎస్క్రో ఫీజు (క్లోజింగ్ డబ్బు, పేపర్లు చూసుకున్నందుకు తీసుకునేది), కొరియర్ ఫీజు లాంటివి మాత్రం కొంచెం అటూ ఇటూ ఉంటాయి. అందుకే చవకగా ఎక్కడ దొరుకుతుందా అని వెతికేకన్నా మన ఫైల్ చూసే ఎస్క్రో ఆఫీసర్ ఎలాంటి మనిషో కనుక్కోవడం మంచిది. మాకు దొరికినావిడ నిజంగా బంగారం.

మా రియల్టర్ మనవాడే, కమిషన్‌లోంచి 1.5 శాతం వెనక్కి ఇస్తా అన్నాడు, మన దగ్గర ఇది మామూలే కదా. రీబేట్ తప్పేం కాదు, టెక్సస్‌లో రియల్టర్ తన కమిషన్‌లోంచి బయ్యర్‌కి ఇవ్వొచ్చు. కాకపోతే ఈయన "క్లోజింగ్ అయిపోయాక జెల్ (Zelle) యాప్‌లో పంపేస్తానమ్మా, పేపర్ మీద వద్దు, లెండర్‌కి చెప్తే అనవసరంగా లేట్ అవుతుంది, అందరికీ ఇలాగే చేస్తా" అన్నాడు. అసలు తేడా ఇక్కడే ఉంది. క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో (లోన్, ఖర్చుల లెక్కంతా చూపించే ఫారం) లేకుండా బయట చేతులు మారే డబ్బు లెండర్‌ని మోసం చేసినట్టే, ఎందుకంటే ఇంటి అసలు ధర ఎంత, బయ్యర్ జేబులోంచి నిజంగా ఎంత వస్తోంది అని చూసుకునే వాళ్ళు లోన్ ఇస్తారు. ఫ్యానీ మే (బ్యాంకుల దగ్గర ఇంటి లోన్లు కొనే పెద్ద సంస్థ) లోన్లలో దీనికి లిమిట్ కూడా ఉంది, సెల్లర్, ఏజెంట్ల లాంటి వాళ్ళందరూ కలిసి ఇచ్చే సాయం, మనం ఉండే ఇల్లయితే, డౌన్ పేమెంట్ 10 శాతం కన్నా తక్కువ పెడితే ధరలో 3 శాతం, 10 నుంచి 25 లోపు పెడితే 6 శాతం దాటకూడదు, అదీ క్లోజింగ్ ఖర్చులకే వాడాలి, డౌన్ పేమెంట్‌కి కాదు.

ఈ ఎస్క్రో ఆఫీసర్ మాతో మొదటి కాల్‌లోనే, రియల్టర్ లైన్‌లో ఉండగానే, "ఈ సేల్‌లో కాంట్రాక్ట్‌లో లేని డబ్బు ఎవరైనా ఎవరికైనా ఇస్తున్నారా" అని సూటిగా అడిగింది. మావారు రీబేట్ సంగతి చెప్పారు. ఆవిడ మొహమాటపడలేదు, అలా అని లెక్చరూ ఇవ్వలేదు, మంచిదే, దాన్ని క్లోజింగ్ ఖర్చులకి క్రెడిట్‌గా చూపిద్దాం, లెండర్‌కి నేనే రాస్తా అంది. కొత్త డిస్‌క్లోజర్ వస్తే మళ్ళీ మూడు బిజినెస్ డేస్ ఆగాలని రియల్టర్ భయపెట్టబోతే అది కూడా అక్కడే క్లియర్ చేసింది: ఏపీఆర్ (వడ్డీ, ఫీజులు కలిపిన ఏడాది రేటు) పరిమితి దాటి మారినా, లోన్ రకం మారినా, ప్రీపేమెంట్ పెనాల్టీ (లోన్ ముందే తీర్చేస్తే పడే జరిమానా) చేరినా మాత్రమే మళ్ళీ ఆగాలి, 2015 నుంచి ఉన్న రూల్ అదే. లెండర్ ఓకే చెప్పడానికి కాస్త టైం పట్టింది, క్లోజింగ్ కొంచెం వెనక్కి జరిగింది, కానీ ఆ డబ్బు మొత్తం పేపర్ మీదే మాకు వచ్చింది, ఒక్క డాలర్ పోలేదు. మరి దాచమనడం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

సైనింగ్ రోజు కూడా "ఇక్కడ సంతకం, ఇక్కడ సంతకం" అని పేజీలు తిప్పేసే రకం కాదు. టెక్సస్‌లో క్లోజింగ్‌లో ఒక వార్నింగ్ పేపర్ ఇస్తారు, లోన్ కోసం తెలిసి తప్పు రాస్తే 2 నుంచి 99 ఏళ్ళ దాకా జైలు, 10,000 డాలర్ల దాకా ఫైన్ పడొచ్చని. మా ఫ్రెండ్స్‌లో చాలామంది దాని మీద సంతకం పెట్టారు కానీ చదివినవాళ్ళు లేరు. ఈవిడ చదివి వినిపించింది. ఆ తర్వాత ఆక్యుపెన్సీ పేపర్ (ఈ ఇంట్లో మేమే ఉంటాం అని రాసిచ్చేది) తీసి, 60 రోజుల్లోపు మీరు ఇందులోకి మారాలి, కనీసం ఏడాది ఉండాలి, మీ ప్లాన్ అదేనా అని ఇద్దర్నీ విడివిడిగా అడిగింది.

ఈ ప్రశ్న మనవాళ్ళకి ఇంకా గట్టిగా పడాలి. రెండో ఇల్లు, మూడో ఇల్లు కొని, ఇన్వెస్ట్‌మెంట్ అంటే రేటు ఎక్కువ, డౌన్ పేమెంట్ ఎక్కువ కాబట్టి ప్రైమరీ, అంటే మేమే ఉండే ఇల్లు, అని చూపించి మర్నాడే రెంట్‌కి పెట్టేవాళ్ళు నాకు బాగా తెలుసు. పైగా కౌంటీలో హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా ఉండే ఇంటికి ఇచ్చే ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపు) కూడా తీసుకుంటారు, అది ఇంకో అబద్ధం. అలాగే స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకుని గిఫ్ట్ లెటర్ రాయించడం, తిరిగి ఇవ్వక్కర్లేదని సంతకం పెట్టి ప్రతి నెలా తిరిగి ఇవ్వడం. ఎవరు చూస్తార్లే అంటారు. ఫెడరల్ చట్టంలో బ్యాంకుకి తెలిసి అబద్ధం చెప్తే గరిష్ఠంగా 30 ఏళ్ళ జైలు, పది లక్షల డాలర్ల ఫైన్. మనలో ఎక్కువమంది వీసా మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్ళం. మోసం కేసులో నష్టం 10,000 డాలర్లు దాటి శిక్ష పడితే ఇమ్మిగ్రేషన్ చట్టం దాన్ని అగ్రవేటెడ్ ఫెలనీ కింద లెక్కేస్తుంది, గ్రీన్ కార్డ్ ఉన్నా దేశం నుంచి పంపించేయొచ్చు. అర శాతం వడ్డీ కోసం పిల్లల చదువులు, పదేళ్ళ వెయిటింగ్ అన్నీ పణంగా పెట్టడం చూస్తే నాకు కోపం కన్నా బాధ ఎక్కువ వస్తుంది. ఇలాంటి సలహా ఇచ్చే రియల్టర్‌కి, లోన్ ఆఫీసర్‌కి ఆ రోజే కమిషన్ వచ్చేస్తుంది, పేపర్ మీద సంతకం మాత్రం ముప్పై ఏళ్ళు మనదే ఉంటుంది.

వైర్ (బ్యాంకు నుంచి వాళ్ళ అకౌంట్‌కి డబ్బు పంపడం) విషయంలోనూ జాగ్రత్తగా ఉన్నారు. అకౌంట్ వివరాలు ఆఫీసులో కాగితం మీద ఇచ్చి, ఇవి మారాయని ఈమెయిల్ వస్తే అది మాది కాదు, పంపేముందు ఈ నంబర్‌కే ఫోన్ చేయండి అని చెప్పారు. బ్యాంకులో నిలబడి ఫోన్ చేశాను, రెండో రింగ్‌కే ఎత్తి నంబర్లు చదివించుకున్నారు.

అర పాయింట్ ఎందుకు తగ్గించానంటే, ఈమెయిల్స్‌కి రిప్లై సాయంత్రం దాకా రాదు, ఫోన్ చేస్తేనే పని. స్థలం హద్దుల పాత సర్వే పనికొస్తుందో లేదో చెప్పడానికి చాలా లాగారు, దానికి కావాల్సిన సెల్లర్ అఫిడవిట్ (ప్రమాణ పత్రం) కోసం మేమే వెంటపడాల్సి వచ్చింది. ఫైనల్ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్ కూడా అడిగితేనే పంపారు, ట్యాక్స్ టైంకి అది కావాలి, మర్చిపోకండి.

బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటుంటే వాళ్ళ టైటిల్ కంపెనీకే వెళ్ళమంటారు, ఇన్సెంటివ్ కూడా చూపిస్తారు. ఇన్సెంటివ్ లెక్క చూసుకుని ఒప్పుకుంటే మీ ఇష్టం, కానీ లోన్ మీద కొంటూ టైటిల్ ఇన్సూరెన్స్ మీరు కడుతుంటే, ఫలానా కంపెనీలోనే తీసుకోవాలని సెల్లర్ షరతు పెట్టకూడదు, రెస్పా (ఇళ్ళ లోన్లు, క్లోజింగ్‌ల ఫెడరల్ చట్టం) లోనే ఉంది. కాంట్రాక్ట్ సంతకం పెట్టకముందే టైటిల్ ఆఫీసుకి ఫోన్ చేసి, రియల్టర్ రీబేట్ ఉంటే ఎలా చూపిస్తారు అని అడగండి. క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో లైన్ వేస్తాం అంటే ముందుకెళ్ళండి, అది మీరూ మీరూ చూసుకోండి అంటే ఇంకో ఆఫీసుకి ఫోన్ చేయండి.