పైథాన్‌కీ జావాకీ మధ్య ప్రోటోబఫ్: మూడేళ్లు వాడాక

మా దగ్గర ఒకవైపు సెన్సర్ల రీడింగులు పోగేసే పైథాన్ ప్రోగ్రామ్, ఇంకోవైపు వాటిని లెక్కకట్టే జావా సర్వర్. మధ్యలో మూడేళ్లుగా ప్రోటోబఫ్ (డేటాని బైట్లుగా మార్చి ప్రోగ్రామ్‌ల మధ్య పంపే గూగుల్ పద్ధతి) నడుస్తోంది. దానికి ముందు ఏం పడ్డామో చెప్తే, ఇంత తిట్టుకుంటూ కూడా దాన్నెందుకు వదలట్లేదో అర్థమవుతుంది.

మొదట జేసన్, అంటే డేటాని మామూలు అక్షరాల్లో రాసి పంపడం. అందులో బైట్లు నేరుగా పెట్టలేం, బేస్64 చేస్తే (బైట్లని అక్షరాలుగా మారిస్తే) సైజు మూడోవంతు పెరుగుతుంది. ఇదెంత పని అనుకుని విలువల్ని బైట్లుగా మార్చే పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌తో నేనే బైట్లు పేర్చడం మొదలుపెట్టాను. 1 పంపితే జావాలో 16777216 వచ్చింది! మా మెషీన్ లిటిల్ ఎండియన్ (సంఖ్యలో చిన్న బైటు ముందు), జావా బైట్‌బఫర్ మనం చెప్పకపోతే బిగ్ ఎండియన్ (పెద్ద బైటు ముందు). జావా వైపు ఆర్డర్ మార్చాను. తర్వాత ఒక బైటు, ఒక నాలుగు బైట్ల పూర్ణాంకం పక్కపక్కన పెడితే 5 బైట్లు రావాల్సింది 8 వచ్చాయి, ఫార్మాట్ ముందు '<' గుర్తు లేకపోతే ఆ మాడ్యూల్ సీ కంపైలర్‌లాగే మధ్యలో 3 ఖాళీ బైట్లు దూరుస్తుంది. అది కూడా సరిచేశాక 200 కాస్తా -56 అయింది, ఎందుకంటే జావా బైట్ -128 నుంచి 127 వరకే.

ప్రోటోబఫ్‌కి మారాక మొదటి రెండు గొడవలూ (బైట్ల వరుస, ఖాళీ బైట్లు) పోయాయి. ఏ ఫీల్డ్ ఏ రకమో ఒకే ఫైల్లో రాస్తాం, రెండు భాషలకీ కోడ్ అదే పుట్టిస్తుంది. మూడోది, ఆ మైనస్ గొడవ, మాత్రం పూర్తిగా పోలేదు: యూఇంట్32లో (మైనస్ లేని 32 బిట్ల సంఖ్య) 300 కోట్లు పంపితే జావా ఇప్పటికీ -1294967296 అనే చూపిస్తుంది.

ఇక నన్ను నిజంగా ఏడిపించింది వేరే. ప్రోటోబఫ్ మెసేజ్‌కి తను ఎక్కడ అయిపోతుందో తెలియదు. వాటిని నెట్‌వర్క్‌లో మోసే టీసీపీకేమో మెసేజ్ అనే మాటే లేదు, అదొక బైట్ల ధార. నా లాప్‌టాప్‌లో ఒక్కో మెసేజ్ విడిగా వచ్చేది కాబట్టి అంతా బాగుందనుకున్నాను, లోడ్ పెరిగాక రెండేసి అంటుకుని రావడం మొదలైంది. తప్పు చూపించి ఆగిపోయినా బాగుండేది. అలా అంటుకున్నవాటిని ప్రోటోబఫ్ ఒకే మెసేజ్‌గా కలిపేస్తుంది, మామూలు ఫీల్డ్‌కి చివరి విలువ మిగులుతుంది, రిపీటెడ్ (చాలా విలువలు పట్టే) ఫీల్డ్ అయితే రెండు జాబితాలూ ఒకదాని వెనక ఒకటి చేరతాయి. ఎర్రర్ లేదు, లాగ్ లేదు, రీడింగులు మాత్రం సగం మాయం. రెండు రోజులు సెన్సర్లనే అనుమానించాం, పాపం. ఇప్పుడు ప్రతి మెసేజ్ ముందు 4 బైట్లలో పొడవు పంపుతున్నాం, అటువైపు అన్ని బైట్లూ వచ్చేదాకా చదువుతూనే ఉంటుంది.

రెండో ఫిర్యాదు సున్నా గురించి. ప్రోటో3లో (ప్రోటోబఫ్ ఫైల్ రాసే భాష మూడో రూపం) విలువ సున్నా అయితే ఆ ఫీల్డ్‌ని అసలు పంపదు. ఉష్ణోగ్రత 0 డిగ్రీలా, లేక సెన్సర్ చదవలేదా? జావాకి రెండూ ఒకటే. 3.15 వెర్షన్ నుంచి ఆప్షనల్ అని రాస్తే తేడా తెలుస్తోంది, నేనైతే కొలతలన్నిటికీ కళ్లు మూసుకుని అదే రాస్తాను. ఆ ఉష్ణోగ్రత మైనస్‌లోకి పోతే ఫీల్డ్ రకం ఇంట్32 బదులు ఎస్ఇంట్32 పెట్టండి, మొదటిదానిలో -1కి 10 బైట్లు పడతాయి, రెండోదానిలో ఒక్కటే.

ప్రోటోబఫ్ ఫీల్డ్‌ని పేరుతో కాదు, నంబర్‌తో గుర్తుపడుతుంది కాబట్టి తీసేసిన ఫీల్డ్ నంబర్‌ని మళ్లీ వాడొద్దు, రిజర్వ్‌డ్ అని రాసి పెట్టేయండి. మేం ఒకసారి వాడాం. పాత ప్రోగ్రామ్ బ్యాటరీ శాతాన్ని తేమగా చదువుకుంటూ వారం నడిచింది.

పెద్ద పెద్ద సంఖ్యల పట్టికలకైతే దీన్ని వాడను, మెసేజ్ మొత్తం మెమరీలోకి రావాలి కాబట్టి అక్కడ పట్టికల కోసమే ఉన్న అపాచీ యారో ఫార్మాట్ నయం. చిన్న మెసేజ్‌లు రోజంతా అటూ ఇటూ తిరిగే పనికి మాత్రం అయిదుకి నాలుగిస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ సెన్సర్లని అనుమానించిన ఆ రెండు రోజులకి.