ఊరు ఏదైనా టాక్సీ డ్రైవర్ల లెక్క ఒకటే

లండన్, టోక్యో, న్యూయార్క్, ముంబై టాక్సీలు ఎక్కినవాడిగా రాస్తున్నా. ఫలానా ఊరి డ్రైవర్లు మోసగాళ్లు, ఫలానా ఊరివాళ్లు దేవుళ్లు అనే మాట నేనైతే ఒప్పుకోను.

దారి తెలియడంలో లండన్ బ్లాక్ క్యాబ్‌కి ఐదుకి ఐదు. 1865 నుంచి నడుస్తున్న ‘నాలెడ్జ్’ పరీక్ష గట్టెక్కితేనే అక్కడ లైసెన్సు. లండన్ నడిబొడ్డున ఉన్న చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలో ఉన్న దాదాపు 25 వేల వీధులు నోటికి రావాలి, అందుకోసం స్కూటర్ వేసుకుని ఏళ్ల తరబడి ఊరంతా తిరుగుతారు. శుభ్రతకూ మర్యాదకూ మాత్రం టోక్యోనే. వెనక ఎడమ తలుపు డ్రైవరే తన సీట్లోంచి తెరుస్తారు, దిగాక మూస్తారు, మనం చెయ్యి వెయ్యక్కర్లేదు. టిప్పు ఆశించరు.

ఇక అందరిలో ఒకేలా కనిపించేవి. ఎక్కగానే అద్దంలోంచి ఒక చూపు, ఈ మనిషి ఊరివాడా, కొత్తవాడా అని. తర్వాత "ఏ దారిన పోదాం?" అంటారు, అది మర్యాదే, కానీ మనకు ఊరు తెలుసో లేదో కూడా అందులోనే తేలిపోతుంది. కాసేపటికి ట్రాఫిక్, పెట్రోలు ధర, యాప్‌ల వల్ల తగ్గిన బేరాలు, పిల్లల చదువులు. భాష రాకపోయినా ఆ విసుగు అర్థమైపోతుంది.

నాకు నచ్చనిది, దగ్గర బేరం అనగానే ముఖం మాడ్చుకోవడం. కానీ దాని వెనక లెక్క చూడండి. చాలా నగరాల్లో కారు డ్రైవరుది కాదు, షిఫ్టుకింత అని ఓనరుకు అద్దె కట్టాలి, ఇంధనం ఖర్చు తనదే, అంటే మొదటి కొన్ని గంటల సంపాదన ఇంటికి చేరదు. ఎయిర్‌పోర్టు క్యూలో గంటలకొద్దీ ఆగినవాళ్లకు పక్క హోటల్ బేరం తగిలితే పూట పోయినట్టే. టోక్యోలో ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులు, ఈ రోజువారీ అద్దె టెన్షన్ వాళ్లకు లేదు. ఆ తీరుబడి మర్యాదలో కనిపిస్తుందని నా నమ్మకం. న్యూయార్క్‌లో మరీ ఘోరం. 1937లో మొదలైన మెడాలియన్ అనే పర్మిట్ 2014 నాటికి పది లక్షల డాలర్లు దాటింది, తర్వాత ధర కుప్పకూలింది, అప్పు చేసి కొన్న డ్రైవర్లు నిలువునా మునిగారు. 2021లో అప్పు తగ్గించమని సిటీ హాల్ ముందు నిరాహార దీక్ష చేసి సాధించుకున్నారు.

అలాగని మీటరు వెయ్యకపోవడాన్ని నేను సమర్థించను. కార్డు మెషిన్ పనిచేయట్లేదన్న మాట దిగేటప్పుడు కాదు, ఎక్కేముందే చెప్పాలి.

ఒక పనికొచ్చే సంగతి: న్యూయార్క్‌లో సాయంత్రం నాలుగు, ఐదు మధ్య షిఫ్టు మారుతుంది. కారు అప్పజెప్పాలి కాబట్టి తమ దారి కాని వైపు రావడానికి చాలామంది ఇష్టపడరు, ఆ వేళ విమానం ఉంటే ముందే బయల్దేరండి.