‘బ్రిటిష్ వైన్’ అంటే ఇంగ్లండ్ ద్రాక్షతో చేసిన వైన్ కాదు, కొనేముందు సీసా వెనక చదవండి

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లెవరైనా వైన్ బహుమతిగా ఇవ్వాలనుకుంటే ముందు ఇది చదవండి. ఆరు సీసాల పెట్టెకు 108 పౌండ్లు పెట్టి మోసపోయాను. డబ్బు సంగతి అలా ఉంచితే, నేను ఎంతో గౌరవించే మనిషి ముందు తల దించుకోవాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

మా టీములో ఒక పెద్దావిడ ఆగస్టులో రిటైరయ్యారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో అద్దె ఇంటి కాగితాల దగ్గర్నుంచి మా పాప స్కూలు దరఖాస్తు దాకా అన్నీ దగ్గరుండి చూపించింది ఆవిడే. ఆవిడది ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన ఉన్న కెంట్. ఏటా అక్టోబరు వచ్చిందంటే సెలవు పెట్టి ఊరి పక్క తోటలో ద్రాక్ష కోతకు వెళ్తారు. అందుకని ఫ్రాన్స్ షాంపేన్ వద్దు, ఇక్కడి నేలలో పండిన ద్రాక్షతో చేసిన స్పార్క్లింగ్ (బుడగలొచ్చే) వైనే ఇవ్వాలని పట్టుబట్టాను.

ఆ వైన్ మామూలుది కాదు. కెంట్, ససెక్స్, హాంప్‌షైర్‌లలో చాలా చోట్ల షాంపేన్ ప్రాంతంలో లాంటి సుద్దనేలే ఉంటుంది. షార్డొనే, పినో నోయిర్, పినో మ్యూనియే అని అక్కడి ద్రాక్ష రకాలే ఇక్కడా వేస్తున్నారు. ససెక్స్‌లో నైటింబర్ అనే వైన్ ఎస్టేటు వాళ్లు 1988లో తోట వేస్తే చలి దేశంలో ఇదేం పిచ్చి అనుకున్నవాళ్లే ఎక్కువ. ఇప్పుడు షాంపేన్ కంపెనీ టెటాంజే స్వయంగా వచ్చి కెంట్‌లో భూమి కొని 2017లో మొక్కలు నాటింది. అలాంటి సీసా మామూలుగా 30 పౌండ్లు, ఆపైనే ఉంటుంది. నాకు ఆన్‌లైన్‌లో 18కే దొరికింది. అక్కడే అనుమానం రావాల్సింది.

ప్రకటనలో సముద్రపు ఒడ్డున తెల్లటి సుద్ద కొండలు, పక్కన జెండా, కింద ‘బ్రిటిష్ స్పార్క్లింగ్ వైన్’ అని పెద్ద అక్షరాలు. మనకు బ్రిటిషువాళ్లన్నా ఇంగ్లిషువాళ్లన్నా ఒకటే కదా. చిన్నప్పటి పాఠాల్లో అందరూ తెల్లదొరలే. జూన్‌లోనే కొని, పెట్టె కూడా విప్పకుండా అలమారాలో దాచాను.

వీడ్కోలు సాయంత్రం ఆవిడే మూత తీశారు. గ్లాసులో పెద్ద పెద్ద బుడగలు బుసబుసా లేచాయి, ఐదు నిమిషాల్లో ఒక్కటి లేదు. రుచి తియ్యగా, పలచటి ద్రాక్ష సోడాలా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక నన్ను పక్కకు పిలిచి, సీసా తిప్పి, వెనక చిన్న అక్షరాలు చూపించారు. ‘దిగుమతి చేసుకున్న గాఢ ద్రాక్షరసంతో తయారీ. కార్బన్ డయాక్సైడ్ కలపబడినది.’

అసలు సంగతి ఆవిడ చెప్తేనే తెలిసింది. ‘ఇంగ్లిష్ వైన్’ అంటే ఇంగ్లండ్‌లో పండిన ద్రాక్షతో చేసింది. ‘వెల్ష్ వైన్’ అంటే వేల్స్ ద్రాక్షతో చేసింది. ‘బ్రిటిష్ వైన్’ అలా కాదు. వేరే దేశంలో ద్రాక్షరసాన్ని పాకంలా చిక్కబరిచి ఇక్కడికి తెస్తారు. నీళ్లు కలిపి పులియబెట్టడం ఒక్కటే ఇక్కడ జరిగే పని. ఇక్కడి తోటలో ఒక్క పండైనా కోయక్కర్లేదు. ఇది దొంగ సరుకు కాదు, చట్టం ఒప్పుకున్న పేరే. ఆ పేరు పక్కన సుద్ద కొండల బొమ్మ పెట్టి అమ్మడం మాత్రం కొనేవాణ్ణి తప్పుదారి పట్టించడమే అని నా గట్టి నమ్మకం.

బుడగల్లో కూడా తేడా ఉంది. మంచి ఇంగ్లిష్ స్పార్క్లింగ్‌లో వైన్ సీసాలోకి వెళ్లాక మళ్లీ పులుస్తుంది. అప్పుడు పుట్టే గ్యాసు బయటికి పోయే దారి లేక వైన్‌లోనే కరుగుతుంది. నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి ఈస్టు మడ్డి మీదే ఉంచుతారు. కాల్చిన బ్రెడ్డు లాంటి వాసన అక్కడి నుంచే వస్తుంది. నేను కొన్నదానికి గోలీసోడాకు ఎక్కించినట్టు గ్యాసు ఎక్కించారు. ఇంగ్లండ్ ద్రాక్షతోనే చేసి గ్యాసు ఎక్కించే తోటలూ ఉన్నాయి. చవగ్గా, చల్లగా తాగడానికి అవి బాగానే ఉంటాయి, లేబుల్ మీద చెప్పే అమ్ముతారు. వాటికి 30 పౌండ్లు మాత్రం పెట్టకండి.

కాబట్టి లేబుల్ మీద ‘ఇంగ్లిష్ క్వాలిటీ స్పార్క్లింగ్ వైన్’, ‘ట్రెడిషనల్ మెథడ్’ (పైన చెప్పిన, సీసాలోనే మళ్లీ పులియబెట్టే పద్ధతి) అనే మాటల కోసం వెతకండి. 2022 నుంచి ‘ససెక్స్’ అన్న పేరుకు కూడా చట్ట రక్షణ ఉంది. ఏ తోట, ఏ ఊరు, ఏ సంవత్సరం పంట అని సరిగ్గా రాసి ఉంటే ఇంకా నయం. ఆన్‌లైన్‌లో వెనక లేబుల్ ఫొటో పెట్టకపోతే అడగండి, పంపకపోతే వదిలేయండి. బుడగలు లేని తెల్ల వైన్ కావాలంటే బాకస్ అనే ద్రాక్ష పేరు గుర్తుపెట్టుకోండి. అప్పుడే కోసిన పచ్చిగడ్డి వాసన, పుల్లమామిడి లాంటి పులుపు. చలి దేశపు పంటకు ఆ పులుపే అందం. మా ఇంట్లో వేయించిన చేపతో అది బాగా కుదిరింది.

అమ్మినవాళ్లకు రాస్తే ‘మేం ఇంగ్లిష్ అని ఎక్కడా అనలేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆన్‌లైన్‌లో కొన్నదాన్ని అందిన 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వద్దనవచ్చు. వర్ణించినట్టు లేకపోతే తిప్పి పంపడానికి 30 రోజులుంటాయి. నేను అలమారాలో దాచి ఆ రెండు గడువులూ పోగొట్టుకున్నాను. దయచేసి పెట్టె వచ్చిన రోజే విప్పి చూడండి. ఇంకో మాట, 100 పౌండ్లు దాటిన వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది. నేను డెబిట్ కార్డు వాడాను, అందుకే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే అర్జీ) పెట్టుకోవాల్సి వచ్చింది.

బ్యాంకువాళ్లు ప్రకటన స్క్రీన్‌షాట్, వెనక లేబుల్ ఫొటో అడిగారు, రెండూ పంపాను. మిగిలిన ఐదు సీసాలూ మూత తీయకుండా ఉంచాను. ఆవిడకు మాత్రం పోయిన శనివారం వాళ్ల ఊరి పక్క తోటకే వెళ్లి, ఆవిడ కోతకు వెళ్లిన ఒక ఏడాది పంటదే ఒక సీసా కొని ఇచ్చి వచ్చాను.