స్కూల్లో మాట్లాడని పిల్లలకు అసెస్‌మెంట్ చేయిస్తున్నారా? థెరపీ ప్యాకేజీకి డబ్బు కట్టకముందే ఇది చదవండి

మా పాపకి నాలుగేళ్లు. ఇంట్లో దాని నోరు ఆగదు. వాళ్ల నానమ్మకి కథలు చెబుతుంది, పక్కింటి పిల్లల మీద పెత్తనం చేస్తుంది. నర్సరీలో మాత్రం నెలలు గడిచినా ఒక్క మాట లేదు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా టీచర్ చున్నీ పట్టుకుని నిలబడుతుందట. ఒకసారి డెవలప్‌మెంటల్ అసెస్‌మెంట్, అంటే ఎదుగుదల పరీక్ష చేయించమని స్కూల్ వాళ్లు చెప్పారు. అలా చెప్పడం మంచిదే. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ సెంటర్‌లో మాకు జరిగింది మాత్రం ఇంకెవరికీ జరగకూడదు.

ముక్కూమొహం తెలియని ఒకావిడ పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కార్డులు చూపిస్తూ "ఇదేంటి, అదేంటి" అని అడిగారు. పాప తల దించుకుంది. అరగంట కాకముందే "ఆటిజం లక్షణాలు ఉన్నాయి" అనేశారు. వినికిడి పరీక్ష చేయలేదు. టీచర్‌తో మాట్లాడలేదు. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ అన్న సంగతీ అడగలేదు. ఇంట్లో గలగలా మాట్లాడుతున్న వీడియో చూపించబోతే "పేరెంట్స్ అందరూ ఇలాగే అంటారు" అని ఫోన్ పక్కకి నెట్టారు. మాతో నింపించిన ఫారం ఎం-చాట్. అది ఆటిజం ఉండే అవకాశం ఉందా అని చూడటానికి 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారైన ప్రశ్నావళి. ఆ వయసు వాళ్లకైనా, ఇంకా పరీక్షలు అవసరమా కాదా అన్నంతవరకే దాని పని. దాన్ని పట్టుకుని నాలుగేళ్ల పిల్లకి ఒక పేరు తగిలించడం ఘోరం.

అక్కడి నుంచి బేరం మొదలు. స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ), బిహేవియర్ థెరపీలు అన్నీ కలిపి ఆరు నెలల ప్యాకేజీ, ఈ రోజే కడితే డిస్కౌంట్. "ఐదేళ్లు దాటితే ఇక లాభం ఉండదు" అన్నారు. ఆ మాట విన్న తల్లికి చేతులు ఆడవు. మావారు అప్పటికప్పుడు కట్టారు. రసీదు వెనక సన్నటి అక్షరాల్లో 'నాన్ రిఫండబుల్' అని ఉంది. రిపోర్టు అడిగితే మొదటి నెల సెషన్లు అయ్యాక ఇస్తామన్నారు. ఆ సెషన్లలో నోరు తెరిచి మాట చెబితేనే బొమ్మ చేతికిచ్చేవారు. కొన్నాళ్లకి సెంటర్ పేరెత్తితే చాలు, పాప కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది.

తర్వాత ఒక డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్‌ని, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్‌ని కలిశాం. ఆవిడ ముందు చెవి పరీక్షకు పంపారు. వీడియోలు మొత్తం చూశారు, టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడారు, పాపని తన మానాన తనని ఆడుకోనిచ్చి గమనించారు. అంతా అయ్యాక సెలెక్టివ్ మ్యూటిజం అన్నారు. అంటే ఇంట్లో బాగా మాట్లాడే పిల్లలకి స్కూల్ లాంటి చోట్ల నోరు పెగలకపోవడం. ఇది మొండితనం కాదు, ఆందోళన. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 పుస్తకం కూడా దీన్ని యాంగ్జైటీ సమస్యల్లోనే చేర్చింది. ఈ పేరు పెట్టాలంటే మౌనం కనీసం నెల రోజులు ఉండాలి, అందులో స్కూల్లో చేరిన మొదటి నెల లెక్కలోకి రాదు. అక్కడి భాష రాక మాట్లాడకపోతే అది సెలెక్టివ్ మ్యూటిజం కాదు. ఇలాంటి పిల్లల్ని "గుడ్ మార్నింగ్ చెప్పు, చెబితేనే వదులుతా" అని నిలదీస్తే భయం ఇంకా పెరుగుతుంది. ముందు తల ఊపడం, తర్వాత ఒక్క స్నేహితురాలి చెవిలో గుసగుస, ఆ తర్వాత టీచర్‌తో ఒక మాట, ఇలా మెల్లగా తీసుకురావాలి.

ఇది చదివి అసెస్‌మెంటే మానేయకండి, దయచేసి. స్కూల్లో మాట్లాడకపోవడానికి కారణం వినికిడి లోపం కావచ్చు, భాష ఆలస్యం కావచ్చు, నిజంగా ఆటిజమే కావచ్చు, కొందరిలో ఆటిజం, సెలెక్టివ్ మ్యూటిజం రెండూ కలిసి ఉండొచ్చు. త్వరగా తెలియడం మంచిదే. కానీ రెండో డాక్టర్‌ని అడగడానికి పట్టే కొద్దిరోజుల్లో ఏ పిల్లకీ నష్టం జరగదు. అసెస్‌మెంట్ చేసిన రోజే ప్యాకేజీకి సంతకం పెట్టమంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ప్రభుత్వ దారులు కూడా ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పనిచేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్ల (పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందే గుర్తించి సాయం చేసే కేంద్రాల) గురించి జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ప్రైవేట్‌కే వెళ్లేటట్లయితే ఫోన్‌లోనే అడగాల్సినవి అడిగేయండి. చూసేది ఎవరు, ఎంతసేపు చూస్తారు, థెరపీకి చేరకపోయినా రిపోర్టు చేతికిస్తారా? క్లినికల్ సైకాలజిస్టులకీ స్పీచ్ థెరపిస్టులకీ కేంద్ర ప్రభుత్వ సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చే సీఆర్ఆర్ నంబర్ (రిజిస్ట్రేషన్ నంబర్) ఉంటుంది, దాన్ని ఆన్‌లైన్‌లో మీరే సరిచూసుకోవచ్చు. నంబర్ అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. చూసింది డాక్టర్ అయితే, రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి, కాబట్టి రాతపూర్వకంగా అడగండి.

మా డబ్బు విషయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాం, ఇంకా తేలలేదు. రిపోర్టు మాత్రం గట్టిగా అడిగితే ఇచ్చారు. ఒకే ఒక్క పేజీ. కింద సంతకం ఉంది, రిజిస్ట్రేషన్ నంబర్ ఎక్కడా లేదు.