500 ఎంఎం లెన్సుకు మూడు కిలోల బియ్యం సంచి

సఫారీ ఫొటోల మోజులో నేను తగలేసిన డబ్బంతటిలో గిట్టుబాటైంది ఒక్కటే, లెన్సు కదలకుండా కింద ఆనించుకోవడానికి మా వీధి టైలరు కుట్టిచ్చిన బియ్యం సంచి. లెన్సు సంగతి ఇక్కడ రాయను. నా నికాన్ 200-500 ఎంఎం లెన్సు ఎలా ఉంటుందో చెప్పినవాళ్లు బోలెడు మంది ఉన్నారు. దాని బరువు 2.3 కిలోలు, కెమెరా తగిలిస్తే మూడు దాటుతుంది. ఈ సమీక్షకు అంత తెలిస్తే చాలు.

సఫారీకి తీసుకెళ్లే జిప్సీ జీపులో మూడుకాళ్ల ట్రైపాడ్‌కు చోటుండదు. డ్రైవరు, గైడు, మనతో కలిపి ఆరుగురు టూరిస్టులు, కాళ్ల దగ్గర బ్యాగులు, నీళ్ల సీసాలు. ఒంటికాలి మోనోపాడ్ నిలబెడితే పక్కాయన మోకాలికి తగులుతుంది. చేత్తోనే పట్టుకుందామంటే, నీటిగుంట దగ్గర కాచుకుని కూర్చునే గంటసేపట్లో భుజం పడిపోతుంది. తీరా పులి వచ్చేసరికి చేతులు వణుకుతుంటాయి. లెన్సులో వణుకును తగ్గించే వైబ్రేషన్ రిడక్షన్ ఉన్నమాట నిజమే కానీ, అలసిన చేతికి అది చేసే సాయం కొంతే.

సంచి పాత జీన్స్ గుడ్డతో కుట్టింది. రెండు అరలు, మధ్యలో సన్నటి నడుము. జిప్సీ పక్కనుండే ఇనుప పైపు మీద గుర్రం జీనులా వేస్తే అటొక అర, ఇటొక అర వేలాడతాయి. లెన్సు పెట్టి కొంచెం నొక్కగానే బియ్యం పక్కకు జరిగి దాని ఆకారానికి గుంట పడుతుంది. ఆ తర్వాత చెయ్యి ఊరికే ఆనించి ఉంచితే చాలు, లెన్సు ఒరగదు.

తేడా తెలిసింది తాడోబాలో. వరంగల్ నుంచి మాకు అందుబాటులో ఉన్న పులుల అడవి అదే. చంద్రాపూర్‌లో రైలు దిగి మోహర్లీ గేటుకు వెళ్లిపోతాం. (మంగళవారం సెలవు, జులై నుంచి సెప్టెంబరు దాకా కోర్ ఏరియా మూసేస్తారు. టికెట్లు చూసుకునేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నా.) పొద్దున్నే వెదురు పొదల కింద వెలుతురు చాలా తక్కువ. 500 దగ్గర ఈ లెన్సు ఎఫ్ 5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు, అంటే లోపలికొచ్చే వెలుతురు అంతే. చేత్తో తీస్తే చెదరకుండా షట్టరు సెకనులో 1/500 వంతే తెరవాలి, ఆ వెలుతురు కొరత తీర్చడానికి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400కు పోతుంది. నా పాత కెమెరాలో ఆ ఐఎస్ఓకు పులి చారలన్నీ గింజలు గింజలుగా వస్తాయి. సంచి మీద పెట్టి 1/125కు దిగితే ఐఎస్ఓ 1600 సరిపోయింది. పడుకున్న పులి మీసాలు విడివిడిగా కనిపించాయి. ఆ ఫొటో చూసినవాళ్లు లెన్సు ఎంతకు కొన్నావని అడిగారు గానీ, బియ్యం కిలో ఎంతని ఎవరూ అడగలేదు!

మొదటి సీజన్లో ఈ సంచిని కనబడ్డవాళ్లందరికీ సిఫార్సు చేశాను. మోకాళ్ల దాకా తెల్ల సాక్సులు తొడుక్కున్నట్టుండే అడవిదున్నలూ, కాలువగట్టున కణుజులూ అన్నీ దానిమీదే తీశాను. లెన్సును స్టాండుకు బిగించడానికి అడుగునుండే కాలర్ పాదం సంచిలో గుచ్చుకుంటుంది కాబట్టి దాన్ని పైకి తిప్పుకోవాలి. ఫోకస్ రింగు బియ్యానికి ఆనితే తనంతట తానే కదులుతుంది, లెన్సును ఒక బెత్తెడు వెనక్కో ముందుకో జరుపుకోవాలి. ఇవి రెండూ ఒక్క పూటలో అలవాటవుతాయి.

ఇక తెగిన కథ. ఎండాకాలం, సాయంత్రం సఫారీ. దుప్పులు అరిచాయి, చెట్లమీద కొండముచ్చులు అందుకున్నాయి, డ్రైవరు తారురోడ్డు మీద బండి ఆపాడు. ఆడపులి ఎదురుగా రోడ్డెక్కి మావైపే నడవడం మొదలుపెట్టింది. సఫారీకి వెళ్లేవాళ్లు కలలుకనేది ఇదే, పులి ఎదురు నడక. అది వస్తున్నకొద్దీ దూరం తగ్గకుండా డ్రైవర్లు బండ్లు వెనక్కి తీస్తుంటారు. మా వెనక ఇంకో మూడు జిప్సీలు, అన్నీ రివర్సులోనే. నేను సంచిని ముందు రాడ్డు మీదికి మార్చి లెన్సు ఆనించాను. చక్రం గుంతలో పడింది. జిప్పు దగ్గర కుట్టు బర్రున విడిపోయింది. ఒక అరలోని బియ్యమంతా జలజలా కారి గైడు ఒళ్లో, సీట్ల కింద, కొంత రోడ్డు మీద పడింది. ఖాళీ అయిన వైపు తేలికై సంచి రెండోవైపు జారిపోయింది, లెన్సు నా గడ్డానికి కొట్టుకుంది. పులి మమ్మల్ని పట్టించుకోకుండా పక్క పొదలోకి మళ్లింది.

గైడు పులిని చూడ్డం మానేసి నన్ను చూశాడు. ‘ఒక్క గింజ కూడా అడవిలో మిగలకూడదు సాబ్’ అన్నాడు హిందీలో. కోపం న్యాయమైందే. రోడ్డుమీద గింజలు దొరుకుతాయని తెలిస్తే కొండముచ్చులు, దుప్పులు అక్కడే తచ్చాడతాయి, ఆ రోడ్డునే బండ్లు తిరుగుతాయి. టూరిస్టులు కిందికి దిగడానికి వీల్లేదు. పులి దూరం పోయిందని రూఢి చేసుకున్నాక అతనే దిగి తువ్వాలుతో ఊడ్చి ఎత్తాడు. మేం ఆరుగురం సీట్ల కింద వంగి గేటు దాకా గింజలేరుతూనే ఉన్నాం. వెనక సీటు పెద్దావిడ మాత్రం ‘పులి ఎటుపోయిందో చూడండి, బియ్యం ఎక్కడికీ పోవు’ అని విసుక్కుంది.

కుట్టు సంగతి టైలరుతో చెబితే రెండు పొరల గుడ్డ, లోపల విడిగా గట్టి బట్ట సంచులు పెట్టి మళ్లీ కుట్టిచ్చాడు. ఇప్పటిదాకా బానే ఉంది. కానీ ఆ సాయంత్రం ఫొటోలు ఇంటికొచ్చి చూస్తే అసలు లోపం కుట్టులో లేదని తేలింది. సంచి తెగకముందు తీసినవి కూడా సన్నగా చెదిరే ఉన్నాయి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పైపు అదురుతుంది, ఆ అదురు బియ్యం గుండా లెన్సుకు ఎక్కుతుంది. అలాంటప్పుడు చేత్తో ఎత్తి పట్టుకోవడమే మేలు, మన ఒళ్లు కొంత అదురును మింగేస్తుంది. అంటే పులి ఎదురు నడకలో, అందరూ కోరుకునే ఆ ఘట్టంలో, ఈ సంచి దాదాపు దండగ. ‘ఇంజిన్ బంద్ కరో భయ్యా’ అనగలిగినప్పుడే దీని విలువ. కర్ణాటకలోని కబిని పడవ సఫారీల్లోనూ అంతే.

ఇంకో తలనొప్పి పురుగు. వానాకాలమంతా అటక మీద పెడితే బియ్యానికి ముక్కపురుగు పట్టింది. థర్మాకోల్ పూసలు పోయించి చూశాను. తేలిగ్గానే ఉన్నాయి, కానీ లెన్సు బరువుకు కుంగిపోతాయి, కదిపితే కిచకిచమంటాయి. మళ్లీ బియ్యానికే వచ్చాను, ప్రయాణానికి ముందురోజు పోసి, రాగానే తీసేస్తున్నాను.

అలా తీసేసే వీలే కెన్యాలో కలిసొచ్చింది. మసాయి మారాకు ఖాళీ సంచి మడిచి తీసుకెళ్లాను, విమానంలో బరువు లెక్క రాలేదు. దారిలో నరోక్ ఊళ్లో ఆగి చిక్కుడు గింజలు కొని నింపాను. ఆ దేశంలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం కాబట్టి లోపలి బట్ట సంచులు అక్కడ పనికొచ్చాయి. పైకప్పు ఎత్తే ల్యాండ్ క్రూజర్ అంచు మీద ఇది కుదురుగా కూర్చుంది. మా డ్రైవరు ఏనుగులు కనిపించగానే అడగకుండానే ఇంజిన్ ఆపేవాడు. చీకటి పడే వేళ, నిలబడిపోయిన ముసలి ఏనుగును 1/60లో తీశాను. తిరిగొచ్చేటప్పుడు గింజల్ని లాడ్జి వంటింట్లో ఇచ్చేశాను.

కొనాలా అంటే, నా సంగతి వేరు. నాది బరువు లెన్సు, భుజం నొప్పి, చీకట్లో తడబడే పాత కెమెరా. పైగా పరిగెత్తే జంతువుల కన్నా కూర్చున్నవి, మేసేవే నాకు ఇష్టం. ఎక్కువ ఐఎస్ఓను తట్టుకునే కొత్త మిర్రర్‌లెస్ కెమెరా, తేలికైన లెన్సు ఉన్నవాళ్లు దీన్ని రెండోరోజే సీటు కింద పడేస్తారేమో. ఎగిరే పక్షుల కోసం వెళ్లేవాళ్లకైతే అసలు అక్కర్లేదు. కుట్టించుకునేవాళ్లు మాత్రం జిప్పు పెట్టించకండి, మూతిని మడిచి నాడాతో కట్టేలా చేయించండి.