ఎల్క్ వేటకు పలుచని బూట్లు: ఫ్లాట్ టాప్స్ కొండల్లో ఏడు రోజులు

ఎండుపుల్ల విరిగితే వేట పోయినట్టే. సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడో కొండల్లో విల్లు పట్టుకుని ఎల్క్ వెంట తిరిగేవారు మొదట చెప్పే మాట ఇది. ఎల్క్ మన కణితి దుప్పికి దగ్గరి చుట్టం, ఇంకా పెద్దది. ఎదిగిన పోతు 300 కిలోలు దాటుతుంది. తుపాకీ అయితే దూరం నుంచి కాల్చవచ్చు గానీ, బాణానికి ముప్పై నలభై గజాల దగ్గరికి చేరాలి. అంత దగ్గరికి చప్పుడు లేకుండా వెళ్లడం కాళ్ల పని.

నిరుడు కొలరాడోలోని ఇదే ఫ్లాట్ టాప్స్ అడవికి తోలు బూట్లతో వెళ్లాను. జత 1,700 గ్రాములు, చీలమండ దాటి పైకి వచ్చేవి, వంచినా వంగని సోలు. వాటిలో అరికాలికి నేల తెలియదు. పుల్ల మీద కాలు వేశామని విరిగిన చప్పుడు విన్నాకే తెలుస్తుంది. రెండుసార్లు నా అడుగుకే మంద లేచిపోయింది. అందుకే ఈసారి జత 560 గ్రాముల బూట్లు కొన్నాను. సోలు ఐదు మిల్లీమీటర్లు, మడమ దగ్గర ఎత్తు లేదు, వేళ్లు విచ్చుకునేంత వెడల్పు ఉంది. వీపు మీద మోసే బరువు కంటే కాలికి తగిలించుకున్న బరువు నాలుగైదు రెట్లు అలసట తెస్తుందని నడక తెలిసినవారు చెబుతారు. మూడు వేల మీటర్ల ఎత్తున, గాలి చాలని చోట ఆ మాట మోకాళ్లకు బాగా తెలుస్తుంది.

నాతో వచ్చినది ఆఫీసులో నా సీనియర్, నెల్లూరు వారు. పదేళ్లుగా ఇక్కడ వేటాడుతున్నారు. నా బూట్లు చేతిలోకి తీసుకుని మడిచి చూసి, "నడవడానికి బాగానే ఉంటాయి. వీటితో మాంసం ఎలా మోస్తావయ్యా?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఐదో రోజున దొరికింది.

ఇలాంటి బూట్లు కొన్న వారమే అడవికి వెళ్లకూడదు. మెత్తటి మడమ ఉన్న బూట్లకు ఏళ్ల తరబడి అలవాటుపడిన పిక్కలు, పాదపు ఎముకలు ఒక్కసారిగా ఆ భారాన్ని మోయలేవు. తొందరపడితే పాదపు ఎముకల్లో సన్నటి పగుళ్లు రావచ్చు. నేను జూన్‌లో మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు రోజుకు అరగంట నడక, తర్వాత వారాంతాల్లో కొండదారి, ఆగస్టు నుంచి వీపున ఎనిమిది కిలోల సంచి. మొదటి నెల ఉదయం మంచం దిగితే పిక్కలు బిగుసుకుపోయేవి. చిన్నప్పుడు అమ్మానాన్నలతో అలిపిరి మెట్లన్నీ చెప్పులు లేకుండా ఎక్కిన కాళ్లే ఇవి. మరిచిపోయిన విద్య మళ్లీ రావడానికి మూడు నెలలు పట్టింది.

డెన్వర్ నుంచి కొండల్లోంచి పడమరగా వెళ్లి, రైఫిల్ అనే ఊరి దగ్గర ఉత్తరానికి తిరిగితే మీకర్ వస్తుంది. నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. చిన్న పట్టణమే గానీ వేటగాళ్లకు కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. 1901 మొదట్లో, అమెరికా ఉపాధ్యక్షుడిగా ప్రమాణం చేయడానికి ముందు, థియోడోర్ రూజ్‌వెల్ట్ కొండసింహాల (ప్యూమాల) వేటకు ఈ ప్రాంతానికే వచ్చారు. వసతి మాత్రం ముందే చూసుకోవాలి. సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు తర్వాత ఇక్కడ గొర్రెల కాపరి కుక్కల పోటీలు జరుగుతాయి, 1987 నుంచి సాగుతున్న సంబరం. ఆ రోజుల్లో గదులు దొరకవు. మేము ఆ వారం తప్పించి వెళ్లి, మొదటి రాత్రి ఒక సాదా మోటెల్‌లో దిగాం. వేడినీళ్లు పుష్కలంగా వచ్చాయి, పరుపు బాగుంది, యజమానురాలు తెల్లవారుజామున మూడున్నరకే కాఫీ పెట్టి ఉంచారు. ఇచ్చిన డబ్బుకు ఏ లోటూ లేదు.

రెండో, మూడో రాత్రులు అడవి అంచున ఒక అద్దె క్యాబిన్‌లో ఉన్నాం. అది నచ్చలేదు. మోటెల్ కంటే రెట్టింపు అద్దె, పొయ్యి నిండా పొగ, తడిసిన బూట్లు ఆరబెట్టడానికి చోటే లేదు. చెబితే రేపు చూస్తామన్నారు, ఎవరూ రాలేదు. వేటకు వచ్చినవారికి పరుపు కంటే పొడి సాక్సు ముఖ్యమని వసతి నడిపేవారికి తెలియకపోతే ఎలా? నాలుగో రోజు అక్కడి నుంచి లేచి, జాతీయ అటవీ భూమిలో దారి పక్కన గుడారం వేసుకున్నాం. దానికి అద్దె లేదు. ఎండ తగిలే పెద్ద బండ మీద బూట్లు బోర్లిస్తే మధ్యాహ్నానికి ఆరిపోయాయి. ఆ ఒక్క సుఖం చాలు, మళ్లీ వెళితే మొదటి రోజు నుంచే గుడారం.

ఫ్లాట్ టాప్స్ అడవిని 1975లో చట్టబద్ధంగా సహజారణ్యంగా ప్రకటించారు. అంతకు చాలా ముందే, 1919లో, ట్రాపర్స్ సరస్సు ఒడ్డున ఇళ్ల స్థలాలు కొలవడానికి అటవీ శాఖ పంపిన ఆర్థర్ కార్‌హార్ట్, ఇక్కడ ఇళ్లు వద్దు, సరస్సును ఇలాగే ఉంచాలని సూచించారు. ఆ సరస్సు ఒడ్డున నిలబడి ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను. సహజారణ్యం కాబట్టి లోపల మోటారు బండి సరే, తోపుడు బండి చక్రం కూడా తిరగకూడదు. వేటాడినది మనిషి వీపు మీదో గుర్రం మీదో బయటికి రావాలి.

ఐదో రోజు తెల్లవారుజాము. 1940లలో బెరడు పురుగు తిని చంపిన స్ప్రూస్ అనే సూదాకుల చెట్ల మానులు ఎన్నో ఇక్కడ బూడిదరంగు తిరిగి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాటి మధ్య, గాలికి ఎదురుగా, ఒక పోతు కూత వినిపించిన దిక్కుకు కదిలాం. అడుగు వేసేటప్పుడు ముందు పాదం బయటి అంచు ఆనించాను. చిటికెన వేలి కింద ఏదో సన్నగా, గుండ్రంగా తగిలింది. బరువు వేయకుండా కాలు ఎత్తి, నాలుగు అంగుళాలు పక్కకు జరిపాను. అక్కడ మెత్తటి నాచు. కిందికి చూడనేలేదు, కళ్లు చెట్ల మధ్యే ఉన్నాయి. అలా అరవై అడుగులకు ఇరవై నిమిషాలు పట్టింది. నా వెనుక మా సీనియర్ నా అడుగుల్లోనే అడుగులు వేశారు. ముప్పై గజాల దూరాన పోతు పక్కకు తిరిగింది. బాణం ఆయనది.

నీతి గురించి ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు అడ్డుకట్ట పడింది, అది సరైన పని. ఇక్కడ శిక్షణ పొంది, ట్యాగు అనే వేట అనుమతి తీసుకుని, ఎన్ని జంతువులన్నది ప్రభుత్వం లెక్కకట్టిన మేరకే వేట. తినదగిన మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. నేను ఆ నియమం కోసమే ఇందులోకి వచ్చాను.

ఆ నియమమే నా బూట్లకు పరీక్ష పెట్టింది. ఎముకలు తీసిన మాంసం దాదాపు 90 కిలోలు, పైన కొమ్ములు. గుడారానికి మూడు కిలోమీటర్లు, అందులో సగం రాళ్ల జారుడు. ఒక్కొక్కరం రెండు విడతలుగా, విడతకు పాతిక కిలోలు మోయాలి. మొదటి మోతలోనే ఒక పదునైన రాయి సోలు మీదుగా రెండో వేలి మొదట్లో గుచ్చుకుంది. పుల్లను పసిగట్టిన ఆ పలుచదనమే ఇప్పుడు ప్రతి రాయినీ నేరుగా ఎముకకు చేరవేసింది. గుడారం దగ్గర కారులో నిరుటి తోలు బూట్లు ఉన్నాయి. అవి తొడుక్కుని రెండో మోత తెచ్చాను. అదే దారి, అదే బరువు, పాదం మాత్రం కదలకుండా నిలిచింది. కొమ్ములకు నారింజ రంగు గుడ్డ చుట్టాం, పొరపాటున ఎవరూ మా మీదికి గురి పెట్టకుండా.

కాబట్టి పలుచని బూట్లు మాటు వేసి నడిచేవరకే. బరువు వీపుకెక్కితే గట్టి సోలు కావాలి. తడి సంగతికొస్తే, మంచులో తడిసిన గడ్డిలో ఇవి పది నిమిషాల్లో నానిపోతాయి, అయితే త్వరగా ఆరుతాయి. ఉన్ని సాక్సులు మూడు జతలు తప్పనిసరి. కదలకుండా కూర్చుంటే నేల చలి సూటిగా ఎక్కుతుంది, అందుకు ఒక ముక్క ఉన్ని దుప్పటి మడిచి పాదాల కింద వేసుకున్నాను.

మీకర్‌లో మాంసం కోసి కట్టే దుకాణం వారు తూకం మా ఎదుటే వేశారు, ముక్కల మీద మా పేర్లు రాసి పెట్టారు. శుభ్రమైన పని. గుర్రాల మీద మాంసం దించే మనుషులు ఉంటారని ఊళ్లో ఆలస్యంగా తెలిసింది. రాష్ట్ర రిజిస్ట్రేషన్, అటవీ అనుమతి రెండూ ఉన్నవారినే పిలవాలి. వచ్చే సెప్టెంబరుకు అలాంటి ఒకరితో ఇప్పుడే మాట్లాడి పెట్టాం. పలుచని జతకు బొటనవేలి కింద సోలు అరిగింది. అదే రకం ఇంకో జత కొని జూన్ నుంచి తొడగడం మొదలుపెడతాను.